సీ3ఆర్: పైపొర తీసి చేయించాలా, తీయకుండానా?

మా మేనల్లుడికి 19 ఏళ్లు. ఏడాదిలో రెండుసార్లు అద్దాలు మార్చినా చూపు ఆనలేదు. టోపోగ్రఫీ (కార్నియా వంపును కొలిచే స్కాన్) తీస్తే కెరటోకోనస్ అని తేలింది. అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, కార్నియా, పలచబడి శంకువులా ముందుకు ఉబ్బుతోంది. ముదరకుండా ఆపేది క్రాస్‌లింకింగ్, అంటే చుక్కల మందు వేసి, యూవీ వెలుగు పెట్టి కార్నియాను గట్టిపరచడం. ఆసుపత్రుల్లో సీ3ఆర్ అంటారు.

"కార్నియా మీది పలుచని పైపొర గీకకుండా కూడా చేస్తారంట కదన్నా, నొప్పి ఉండదంట" అంది మా చెల్లెలు.

నిజమే, నొప్పి తక్కువ. ఇన్ఫెక్షన్ భయం, మసక కూడా తక్కువే. అయినా నేను వద్దన్నాను. చుక్కలుగా వేసే రిబోఫ్లావిన్ (విటమిన్ బి2) పైపొరను అంత తేలిగ్గా దాటదు. బంధాలు పడటానికి కావలసిన యూవీ వెలుగును, ఆక్సిజన్‌ను కూడా కొంత ఆ పొరే తినేస్తుంది. పొర తీసి, అరగంట చుక్కలు, అరగంట వెలుగు ఇచ్చే డ్రెస్డెన్ పద్ధతిలో కార్నియాకు బలమిచ్చే కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు సుమారు 300 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోతుదాకా పడతాయి. పొర ఉంచితే పైపైనే ఆగుతాయి. అదనంగా ఆక్సిజన్ ఇచ్చే కొత్త పద్ధతులు ఈ తేడాను తగ్గిస్తున్నాయి గానీ, వేగంగా ముదిరే పడుచు కంటికి నేను లోతునే నమ్ముకున్నాను. వెలుగు పది నిమిషాలే ఇచ్చే పద్ధతీ ఉంది. అందులోనూ పొర తీయడం మామూలే.

ఒక్క మెలిక: పొర తీశాక కార్నియా మందం 400 మైక్రాన్లకు తగ్గితే లోపలి కణాలకు ముప్పు. అప్పుడు కార్నియాను ఉబ్బించే చుక్కలు వాడతారు, లేదా పొర ఉంచి చేస్తారు. పిల్లవాడి కుడికన్నుకు మందం సరిపోయింది.

ఆషాఢం గాలికి దుమ్ము లేచే అనంతపురం మాది, అందుకే ఆ గాలులు తగ్గాకే చేయించాం. మూడు రోజులు నొప్పి, నీళ్లు, గీకిన చోటును కప్పి ఉంచే బ్యాండేజ్ లెన్స్. నెలకు తీసిన రిపోర్టులో వంపు ఇంకా పెరిగి, మందం తగ్గి కనిపించేసరికి చెల్లెలు ఏడ్చేసింది. చాలామంది బెదిరేది ఇక్కడే. చికిత్స వల్ల కార్నియా ముందుభాగంలోని కణాలు చచ్చి, ఆర్నెల్లలో మళ్లీ నిండుతాయి. మసక కూడా నెమ్మదిగా విడుతుంది, మందం చాలావరకు తిరిగొస్తుంది. ఏడాదికి చాలామందిలో వంపు ఒకటి రెండు డయాప్టర్లు (వంపును కొలిచే లెక్క) తగ్గుతుంది. అద్దాలు మాత్రం తప్పవు.

మావాడికిప్పుడు ఎనిమిదో నెల. వంపు పెరగడం ఆగింది. కళ్లు నలిపే అలవాటు మాన్పించడమే ఇంకా కష్టంగా ఉంది, దురదకు చుక్కలు వేస్తున్నాం.