ఆటోనగర్ ఎలక్ట్రికల్ ప్రాక్టికల్ ట్రైనింగ్: 8 ఆదివారాలు వెళ్లొచ్చాక చెప్తున్నా

నేను ఇక్కడ చేరడానికి కారణం ఒక ఇంటర్వ్యూ. టేబుల్ మీద కాంటాక్టర్ (మోటారుకి సప్లై కలిపి, తెంపే కాయిల్ స్విచ్) ఒకటి పెట్టి, "కాయిల్ టెర్మినల్స్ ఏవో చూపించు" అన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ ఈక్వివలెంట్ సర్క్యూట్ నిద్రలో లేపి అడిగినా గీస్తాను, కానీ కాంటాక్టర్‌ని చేత్తో పట్టుకోవడం నాకు అదే మొదటిసారి. చూపించలేకపోయాను. మా కాలేజీ ల్యాబ్‌లో బెంచీకి ఏడుగురం ఉండేవాళ్లం, ఒకరు కనెక్షన్ ఇస్తే ల్యాబ్ అసిస్టెంట్ వచ్చి సరిచేసేవారు, మిగతావాళ్లం రీడింగులు రాసుకునేవాళ్లం, టైం చాలకపోతే సీనియర్ల రికార్డులోంచి దించేసేవాళ్లం. విశాఖలో స్టీల్ ప్లాంటు, హెచ్‌పీసీఎల్, షిప్‌యార్డు, పరవాడ దగ్గర 2000 మెగావాట్ల సింహాద్రి ప్లాంటు, ఇన్ని కళ్ల ముందు పెట్టుకుని నాలుగేళ్లు ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) చదివి మోటారు స్టార్టర్ విప్పడం రాకపోతే ఎంత బాధగా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

సెంటర్ గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డు. కింద మోటార్ రివైండింగ్ (లోపలి తీగ మళ్లీ చుట్టడం) పని నడుస్తుంటుంది, పైన ట్రైనింగ్. బ్యాచ్‌కి 12 మంది, బెంచీకి ఇద్దరే. నేర్పే మాస్టారు ఒక పెద్ద ప్లాంటులో మెయింటెనెన్స్ చేసి రిటైరైన మనిషి. ఫీజు 6,000, రెండు విడతల్లో కట్టాను.

మొదటి ఆదివారం ఒక్క మోటారు కూడా తిరగలేదు. సప్లై ఆపడం, ఆ ఎంసీబీకి (సప్లై ఆపే బ్రేకర్ స్విచ్) తాళం వేసి ట్యాగ్ కట్టడం, తాళంచెవి మన జేబులోనే ఉంచుకోవడం, కరెంటు నిజంగా లేదని తేల్చుకోవడం, రోజంతా ఇవే. తేల్చుకునే పద్ధతి కాలేజీలో నాకెవరూ చెప్పలేదు. ముందు కరెంటు ఉందని తెలిసిన పాయింటు మీద మీటర్ పెట్టి చూడాలి, తర్వాత మనం పనిచేయబోయే చోట చూడాలి, మళ్లీ మొదటి పాయింటుకి వెళ్లి చూడాలి. మధ్యలో మీటరే పాడైతే అదీ సున్నానే చూపిస్తుంది, ఆ సున్నాని నమ్మి చెయ్యి పెడితే మనిషి మిగలడు. కరెంట్ కొలవడానికి ఎర్ర లీడు 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి, అలాగే మర్చిపోయి వోల్టేజీ చూడబోతే అది నేరుగా షార్టే అని కూడా ఆ రోజే చెప్పారు. నా పక్క బెంచీ అబ్బాయి సరిగ్గా అదే చేయబోతుంటే మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపారు.

తర్వాత మూడు వారాలు మోటారు స్టార్టర్లు: డీఓఎల్ (మోటారుకి నేరుగా పూర్తి వోల్టేజీ ఇచ్చేది), స్టార్-డెల్టా (ముందు స్టార్ కనెక్షన్‌లో తక్కువ వోల్టేజీతో తిప్పి, తర్వాత డెల్టాకి మార్చేది). ఆరు లీడ్లు, మూడు కాంటాక్టర్లు, ఒక టైమర్, ఓవర్‌లోడ్ రిలే (కరెంట్ ఎక్కువైతే మోటారుని ఆపేది). స్టార్‌లో లైన్ కరెంట్ మూడో వంతుకి తగ్గుతుందని పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో. క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంట్ కొలిచేది) పెట్టి నా కళ్లతో చూశాకే టార్కూ (తిప్పే బలం) మూడో వంతుకి పడిపోతుందనీ, అందుకే నిండు లోడుతో స్టార్టయ్యే మెషిన్లకి ఈ స్టార్టర్ పనికిరాదనీ తలకెక్కింది. ప్రతి వైరు కొసకీ నంబరు ఫెర్రూల్ (గుర్తు కోసం చిన్న గొట్టం) తొడగాలి, లగ్గు (వైరు చివర తొడిగే లోహపు ముక్క) క్రింప్ చేశాక, అంటే నొక్కి బిగించాక, లాగి చూడాలి, ఊడొచ్చిందా మళ్లీ చేయాల్సిందే. మొదటి రోజు నావి నాలుగు ఊడాయి.

కట్టిన డబ్బులకి అసలు విలువ దొరికింది మాత్రం ఐదో ఆదివారం. మనం టీకి వెళ్లినప్పుడు మాస్టారు ప్రతి ప్యానెల్‌లో ఒక తప్పు పెట్టి ఉంచుతారు. నా ప్యానెల్‌లో స్టార్ట్ బటన్ నొక్కితే మోటారు తిరుగుతోంది, వేలు తీస్తే ఆగిపోతోంది. నేను గాభరాపడి ఓవర్‌లోడ్ రిలే విప్పబోయాను. "ఏటమ్మా అలా తడుముతున్నావు, ముందు కాగితం మీద గీయి" అన్నారు. గీశాను. ఎంసీబీ, ఓవర్‌లోడ్ రిలే 95-96 (ఇవి టెర్మినల్ నంబర్లు), స్టాప్ బటన్, స్టార్ట్ బటన్, దానికి సమాంతరంగా కాంటాక్టర్‌లోని 13-14 కాంటాక్టు (బటన్ వదిలాక కూడా సప్లై పట్టి ఉంచేది), చివర కాయిల్ ఏ1-ఏ2. గీసి చూస్తే బటన్ నొక్కినంతసేపు కాయిల్‌కి సప్లై వస్తోంది కాబట్టి రిలే, స్టాప్ బటన్, కాయిల్ అన్నీ బాగున్నట్టే, మిగిలింది పట్టి ఉంచాల్సిన 13-14 కాంటాక్టే. సప్లై ఆపి, తాళం వేసి, కాంటాక్టర్‌ని వేలితో లోపలికి నొక్కి 13-14 మధ్య కంటిన్యుటీ (దారి కలిసిందా లేదా అని) మీటర్‌తో చూస్తే బీప్ రాలేదు. విప్పితే కాంటాక్టు మధ్యలో గోరంత కాగితం ముక్క. గంటన్నర పట్టింది నాకు. ఆ కాగితం ముక్క ఇప్పటికీ నా నోట్‌బుక్‌లో అతికించి ఉంది.

కింద రివైండింగ్ షాపు ఉండటం కూడా చాలా ఉపయోగపడింది. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) వైండింగ్‌కీ బాడీకీ మధ్య చూసినప్పుడు 1 మెగాఓమ్ కూడా రాని మోటార్లు నిజంగా వస్తుంటాయి, మన ఊరి తేమకీ ఉప్పుగాలికీ కొన్నాళ్లు తిప్పకుండా పెట్టిన మోటారు అలా అవుతుంది, లోపల బల్బు పెట్టి ఆరబెడితే రీడింగ్ ఎలా పెరుగుతుందో గంట గంటకీ రాసుకున్నాం.

ఇంకొకటి, రిపోర్టు రాయడం. నేను "స్టార్టర్ ప్రాబ్లం, సరిచేశాం" అని రాసిస్తే మూడుసార్లు వెనక్కి ఇచ్చారు. ఏం కనపడింది, ఏమేం చూశావు, ఎంత రీడింగ్ వచ్చింది, ఏం మార్చావు, మళ్లీ సప్లై ఎన్ని గంటలకి ఇచ్చావు, తర్వాతి షిఫ్ట్ వాళ్లు ఏం గమనించాలి, ఇవన్నీ ఉండాలన్నారు. కింద పాతికేళ్లుగా వైండింగ్ చేస్తున్న బాబాయిని పని అడగడం, ఆయన చెప్పింది వినడం, ఆయన చెప్పింది డ్రాయింగ్‌తో కలవకపోతే మర్యాదగా చూపించడం కూడా అక్కడే అలవాటైంది. ఇంజినీర్‌గా చేరాక మొదటి రోజు నుంచీ కావాల్సింది ఇదే అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

బాగాలేనివీ చెప్పాలి. పీఎల్‌సీ (ప్రోగ్రాంతో మెషిన్లని నడిపే కంట్రోలర్) కిట్ ఒక్కటే ఉంది, 12 మందికి ఒక్కటంటే మళ్లీ కాలేజీ ల్యాబ్ పరిస్థితే, ఆ రెండు ఆదివారాలూ నాకు పెద్దగా ఏమీ రాలేదు. రేకుల షెడ్డు, ఏప్రిల్, మేలో మధ్యాహ్నం కూర్చోలేం. సేఫ్టీ షూస్ వేసుకురమ్మంటారు కానీ చెప్పులతో వచ్చినవాళ్లని కూడా రానిస్తున్నారు, ఇది మాత్రం వెంటనే ఆపాలి, మొదటి రోజు అంత చెప్పి తర్వాత వదిలేస్తే ఎలా? ఆఖర్లో ఇచ్చే సర్టిఫికెట్ ప్రభుత్వం ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ లాంటిది కాదు, దానికోసమే అయితే చేరకండి.

మూడో ఏడాది సెలవుల్లో చేరితే మంచిది, నాలాగా ఫైనల్ ఇయర్ అయ్యేదాకా ఆగొద్దు. ముందు ఒక ఆదివారం వెళ్లి చూస్తామంటే కూర్చోనిస్తారు, డబ్బులడగరు. మల్టీమీటర్ సొంతది తీసుకెళ్లండి, క్యాట్ త్రీ (CAT III, మీటర్ సేఫ్టీ రేటింగ్) అని రాసి ఉన్నది కొనండి, రోడ్డు పక్క 200 రూపాయలవి వద్దు. అమ్మాయిలకి ఒక మాట, మా బ్యాచ్‌లో నలుగురం ఉన్నాం, ఏ పనీ "నువ్వు రాసుకో చాలు" అని మాకు తప్పించలేదు. బస్సు కోసం ఆరింటికే వదిలేయమని అడిగితే వదిలేశారు కూడా.