రిటెన్‌హౌస్ రై: నీళ్లు పోశాకే నోరు విప్పిన సీసా

విస్కీలో నీళ్లు కలపడం మనవాళ్లకి పుట్టుకతో వచ్చిన అలవాటు. అందులో తప్పేమీ లేదని చెప్పడానికి నాకు మూడేళ్లు, రై అనే గింజతో చేసే రిటెన్‌హౌస్ అనే అమెరికన్ విస్కీ సీసాలు ఆరు పట్టాయి. ఇప్పుడు ఏడోది నడుస్తోంది.

ఫిలడెల్ఫియా దగ్గరికి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో మా టీంలో ఒకాయన, "మంచి విస్కీలో ఐస్ కూడా వేయకూడదు, రా కొట్టాలి" అని తెగ చెప్పేవాడు. నేనూ నమ్మాను. గొంతు మండుతున్నా ఓర్చుకుని, "ఆహా, ఓక్, వెనిల్లా" అంటూ తలాడించాను. ఇంటికొచ్చి ఒక్కడినే కూర్చున్నప్పుడు మాత్రం చెయ్యి సోడా మీదికే పోయేది. అక్కడే వచ్చింది చిక్కంతా. ఇక్కడ దొరికే చాలా విస్కీల్లో ఆల్కహాల్ 40 శాతం, అంటే చట్టం ఒప్పుకునే కనీస బలం. ఇండియాలో మనం తాగే 42.8 కన్నా తక్కువ. అందులో నాలుగు ఐస్ ముక్కలేసి సోడా పోస్తే రెండో గుక్కకే చప్పబడిపోయేది, చక్కెర కలిపిన సోడా తాగినట్టు. అలా ముప్పై, నలభై డాలర్ల సీసాలు రెండు మూడు పాడుచేసుకున్నాక, నాకు విస్కీ పడదేమో అనే అనుకున్నాను.

రిటెన్‌హౌస్ కొనడానికి కారణం రుచి కాదు, పేరు. ఆఫీసుకి వెళ్లే రోజుల్లో నేను మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని కూర్చునే పార్కు పేరు రిటెన్‌హౌస్ స్క్వేర్. గడియారాలు చేస్తూ, నక్షత్రాలు లెక్కపెడుతూ, చివరికి అమెరికా నాణేల ముద్రణాలయానికి మొదటి డైరెక్టర్ అయిన డేవిడ్ రిటెన్‌హౌస్ పేరు 1825లో దానికి పెట్టారు. 1933లో మద్యనిషేధం ఎత్తేశాక ఫిలడెల్ఫియా కంపెనీ ఒకటి ఆ పార్కు పేరుతోనే ఈ రై విస్కీని తెచ్చింది. ఒకప్పుడు రై అంటే ఫిలడెల్ఫియా ఉన్న ఈ పెన్సిల్వేనియా రాష్ట్రమే. ఇప్పుడు ఇది తయారయ్యేది కెంటకీ రాష్ట్రంలో, హెవెన్ హిల్ అనే విస్కీ కంపెనీ దగ్గర. రోజూ కూర్చునే బెంచీ పేరు సీసా మీద కనిపించింది, ధర ముప్పై డాలర్లకి అటూ ఇటూ ఉంది, తీసుకున్నాను.

రై అంటే రాగి కాదు, హిందీవాళ్లు రాయీ అనే ఆవాలూ కాదు. గోధుమకి చుట్టం లాంటి చలిదేశపు గింజ. జర్మనీ, పోలండ్ వైపు నల్లరొట్టె చేసేది దీంతోనే. కనీసం 51 శాతం ఈ గింజ ఉండి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో పెడితేనే అమెరికాలో రై విస్కీ అనాలి. ఇందులో రై సరిగ్గా ఆ 51 దగ్గరే ఉంటుంది, మిగతాది మొక్కజొన్న, మొలకెత్తించిన బార్లీ.

మొదటి సీసా మొదటి వారం నాకు నచ్చలేదు. రా తాగితే ముక్కులోకి ఘాటు ఎగదన్నింది. లేబుల్ చూస్తే 50 శాతం. దాని మీద బాటిల్డ్ ఇన్ బాండ్ అని ఉంటుంది. వ్యాపారులు విస్కీలో రంగుకోసం ఏవేవో కలిపి అమ్ముతున్నారని 1897లో చేసిన చట్టం అది. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజనులో కాచినదై ఉండాలి, ప్రభుత్వ నిఘాలో ఉన్న గోదాములో నాలుగేళ్లు తగ్గకుండా పీపాలో ఉండాలి, సరిగ్గా 50 శాతం దగ్గర సీసాలో పోయాలి. అప్పట్లో నాకు ఇదంతా పాతకాలపు ముద్రలా అనిపించింది. నా కష్టమంతా ఆ యాభైతోనే అనుకున్నాను.

తర్వాత జనవరిలో ఒక రాత్రి జరిగింది చెప్పాలి. బయట మంచు. వంటగదిలో గట్టు మీద 60 ఎంఎల్ పోసి, ఫ్రిజ్ తలుపులోంచి పడే అర్ధచంద్రం ఆకారపు ఐస్ ముక్కలు ఆరు వేశాను. ఒక గుక్క తాగానో లేదో అమ్మ ఫోను. అక్కడ పొద్దున. నాన్నకి శుక్లాల ఆపరేషను డేటు ఇచ్చారు, ఆయన వాయిదా వేద్దామంటున్నాడు, నువ్వు చెప్తే వింటాడు అని. అమ్మతో, నాన్నతో, మళ్లీ అమ్మతో మాట్లాడి వచ్చేసరికి యాభై నిమిషాలు దాటింది.

గ్లాసులో ఐస్ ఆనవాలు లేదు. బయట చెమట కారి గట్టు మీద గుండ్రంగా నీటి మరక. లోపల రంగు పల్చబడి, రెండోసారి మరిగించిన టీ నీళ్లలా ఉంది. ఇక ఇదీ పోయిందనుకుని సింకు దాకా తీసుకెళ్లాను. పారబోసే ముందు ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండిన నారింజ తొక్క వాసన. మా అమ్మమ్మ సున్నిపిండి కోసం మేడ మీద చాటలో ఎండబెట్టేదే, రెండో రోజుకి అంచులు ముడుచుకున్న ఆ తొక్కల వాసన అచ్చం అదే. దాని వెనకాల లవంగం. తాగితే ముందు బెల్లం పాకం లాంటి తీపి, మింగాక నాలుక వెనకభాగంలో మిరియం, షాజీరా కలిసినట్టు ఒక మంట. అది గొంతు కోసే మంట కాదు, మిరియాల చారు తాగాక మిగిలే వెచ్చదనం. అక్కడే సింకు దగ్గరే నిలబడి గ్లాసు పూర్తి చేశాను.

మర్నాడు కావాలని మళ్లీ చేసి చూశాను. ఈసారి కొలిచి. లెక్క తేలికే: 50 శాతం విస్కీ 60 ఎంఎల్‌లో ఆల్కహాల్ 30 ఎంఎల్. అందులో ఇంకో 60 ఎంఎల్ నీళ్లు చేరినా 25 శాతం దగ్గర నిలబడుతుంది. 40 శాతం విస్కీ అదే నీటితో 20కి పడిపోతుంది. ఆ అయిదు శాతం తేడా కాగితం మీద చిన్నదే, నోట్లో మాత్రం చాలా పెద్దది. అప్పటినుంచి పిల్లల దగ్గుమందు కొలిచే ప్లాస్టిక్ కప్పు ఒకటి నా సీసా పక్కనే ఉంటుంది. తిప్పితిప్పి చూస్తే నాకు కుదిరింది 60కి 25 ఎంఎల్ చల్లటి నీళ్లు, సుమారు 35 శాతం. ఐస్ వద్దు. ఐస్ వేస్తే చలికి వాసన ముడుచుకుపోతుంది. ఆ జనవరి రాత్రి కూడా ఐస్ పూర్తిగా కరిగి, గ్లాసు గది వేడికి కాస్త తేరుకున్నాకే వాసన బయటికొచ్చింది. ఇది పట్టుకోవడానికి నాకు రెండో సీసా సగం అయింది.

నీళ్లు పోస్తే వాసన పెరగడమేమిటి అని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. 2017లో స్వీడన్ పరిశోధకులు ఇద్దరు కంప్యూటర్ మీద ఇదే లెక్క కట్టారు. పొగ వాసననిచ్చే గ్వయకాల్ అనే పదార్థం, ఆల్కహాల్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు ద్రవం లోపలే చిక్కుకుని ఉంటుంది, నీళ్లు కలిపి 45 శాతం కిందికి తెస్తే పైకి తేలుతుంది అని తేల్చారు. అన్ని వాసనలకీ అదే సూత్రమని నేననను. అయితే నా ముక్కు మాత్రం వాళ్ల పక్షమే.

పోయిన వేసవిలో బాబాయి వచ్చాడు, పిన్నితో కలిసి, తెనాలి నుంచి. షాపుకి తీసుకెళ్తే మొదటి ప్రశ్న, "ఇక్కడా గవర్నమెంటు షాపేనా?" అని. అవును, పెన్సిల్వేనియాలో విస్కీ సీసా కావాలంటే దాదాపుగా ప్రభుత్వ దుకాణానికే పోవాలి, 2019 నుంచి అయిదేళ్లు ఆంధ్రలో నడిచినట్టే. లేబుల్ చూసి, "రాగి విస్కీనా?" అన్నాడు. కాదు బాబాయ్, వేరే గింజ అన్నాను.

ఆయనది పాత పద్ధతి, సగం సోడా, సగం నీళ్లు, పైన రెండు ఐస్ ముక్కలు. వద్దని చెప్పలేదు. ఆయన లెక్కలోనే పోశాను. ఒక గుక్క తాగి గ్లాసు దూరంగా పట్టుకుని చూశాడు. "ఒరేయ్, ఇందులో జీలకర్ర వేశారా?"

"లేదు బాబాయ్, ఆ గింజ ఘాటే అంత."

"మరి సోడా పోసినా పోవట్లేదేంట్రా?"

నేను మూడేళ్లుగా చెప్పాలనుకున్నది ఆయన ఒక్క గుక్కలో అనేశాడు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. రెండో పెగ్గుకి పిన్ని చికెన్ వేపుడు తెచ్చి పెట్టింది. అదే ఆ రాత్రి తప్పయింది. గుంటూరు కారం, రై ఘాటు ఒకదాని మీద ఒకటి పడి నోరు మొద్దుబారిపోయింది, విస్కీ రుచీ పోయింది, వేపుడు రుచీ పోయింది. "దీనికి పల్లీలు చాలురా, కారం వద్దు" అన్నాడు బాబాయి. అది నిజం. ఉప్పు వేసి వేయించిన పల్లీలు, లేదా ఉత్త జీడిపప్పు. ఇంకేదీ వద్దు. ఇంకో సంగతి, ఆయన మూడోది అడిగితే ఆపాను. ఇది 60 ఎంఎల్ అంటే మన 42.8 లెక్కలో 70. పెగ్గులు లెక్కపెట్టుకుని తాగే పెద్దవాళ్లకి ఈ మాట ముందే చెప్పడం మంచిది.

మొదటి సీసా అయిపోయినప్పుడు నేను ఫ్రెండ్స్ గ్రూపులో, ఈ ధరకి ఇంతకన్నా మంచి రై లేదు అని రాశాను. ఆ మాట ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్తాను. రా తాగేవాళ్లకి ఇది కొనమని చెప్పను, నాకు ఇప్పటికీ మొదటి గుక్క గరుకుగానే ఉంటుంది. రై ఘాటే ప్రాణం అనుకునేవాళ్లు బులెట్ రై చూడండి, అందులో రై 95 శాతం, బలం 45. దాని పక్కన పెడితే రిటెన్‌హౌస్‌లో మొక్కజొన్న తీపి బాగా తెలుస్తుంది. నాకు ఆ తీపే ఇష్టం, తీపి పడనివాళ్లకి అదే అడ్డు. పొడవాటి గ్లాసు నిండా సోడా పోసుకునేవాళ్లయితే వైల్డ్ టర్కీ 101 రై కూడా తట్టుకుంటుంది, అది 50.5 శాతం. మాన్‌హాటన్ కాక్‌టెయిల్‌కి బార్లలో రిటెన్‌హౌస్‌నే ఎక్కువ వాడటానికి కారణమూ ఈ బలమేనని నా నమ్మకం, అందులో కలిపే తియ్యటి వెర్మూత్, అంటే మూలికలు వేసిన వైన్, పోసినా అణగదు. నేను మాత్రం ఆ కాక్‌టెయిల్ పెద్దగా చేసుకోలేదు.

సీసా సీసాకీ తేడా ఉంటుందా అంటే, నాకు ఉన్నట్టే అనిపించింది. నాలుగోదాంట్లో నారింజ తక్కువ, కోకో పొడి లాంటి చేదు ఎక్కువ. అది నా ముక్కు తేడానో, పీపా తేడానో తేల్చుకోవాలంటే రెండూ పక్కపక్కన పెట్టుకుని తాగాలి, నేను ఒకేసారి రెండు తెరవను.

తెరవకపోవడానికి కారణం అయిదో సీసా. వారానికి రెండు రోజులు, శుక్రవారం, శనివారం, రోజుకి ఒకటే తాగుతాను. అయిదోది సగం అయ్యాక ఇండియా వెళ్లాను, వచ్చాక బ్లడ్ టెస్టులు చూసి డాక్టరు కొన్నాళ్లు మానెయ్యమన్నారు. ఆ సగం సీసా వంటగది కిటికీ పక్కన, ఫ్రిజ్ మీద ఎనిమిది నెలలు ఉండిపోయింది, మధ్యాహ్నం ఎండ నేరుగా పడే చోట. మళ్లీ తీసి, 25 ఎంఎల్ నీళ్లు కొలిచి పోసి చూస్తే నారింజ లేదు, లవంగం లేదు. చెక్క నానిన నీళ్లలా ఒక వాసన, కింద ఉత్త ఘాటు. తప్పు విస్కీది కాదు, సగం ఖాళీ సీసాలో గాలి, పైన ఎండ, రెండూ కలిసి చేసిన పని. నెలకొకసారి, పండగకొకసారి తాగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. 375 ఎంఎల్ ఖాళీ సీసా ఉంటే, సగమవ్వగానే అందులోకి వంచేసుకోండి, నేనిప్పుడు అదే చేస్తున్నాను.

కాబట్టి నా మాట నాలాంటి వాళ్లకే: నీళ్లు కలిపి, నెమ్మదిగా, ఒక గ్లాసుతో ఆపేసేవాళ్లు, ఈ సీసా ముప్పై డాలర్ల దగ్గర దొరికే చోట ఉండేవాళ్లు. ఇండియాలో దిగుమతి సుంకాలు కట్టి కొనాలంటే ఇదే మాట చెప్పగలనో లేదో. బాబాయికైతే వెళ్లేటప్పుడు రెండు సీసాలు పెట్టి పంపాను, మనిషికి రెండు లీటర్ల లోపే కాబట్టి కస్టమ్స్‌లో ఇబ్బంది రాలేదు. మొన్న ఫోన్ చేసి, సోడా మానేసి కూజా నీళ్లు పోస్తున్నానురా, వాసన ఇంకా బాగుంది అన్నాడు. ఎంత పోస్తున్నావు బాబాయ్ అంటే, "కొలతేంట్రా, రంగు చూసి పోస్తా" అన్నాడు. ఆ రంగెలా ఉండాలో చూపించడానికి వాట్సాప్‌లో గ్లాసు ఫోటో పంపించాడు, కిటికీ వెలుగులో పెట్టి తీసింది. నా 60కి 25 పక్కన పెట్టి చూస్తే దాదాపు అదే రంగు.