క్యారమ్ బోర్డుకి స్ట్రైకర్ లేదు

మా ఊరి ఫ్యామిలీ కోర్టు కౌన్సెలింగ్‌కి 5కి 2 స్టార్లు. ఆ రెండూ రెండో కౌన్సెలర్ మేడమ్‌వే.

బాబు కస్టడీ కోసం తొమ్మిది వాయిదాలు తిరిగాను. మొదటిసారి నన్నూ, వాడినీ, వాళ్ల నాన్ననీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టారు. నా చెవి దెబ్బ గురించి ప్రొటెక్షన్ ఆఫీసర్ రాసిన డీఐఆర్ (గృహహింస ఘటన రిపోర్టు) ఫైల్లోనే ఉంది, కౌన్సెలర్ తెరవలేదు. "గొడవల్లేని సంసారం ఎక్కడుందమ్మా, సర్దుకుపో" అన్నారు. తర్వాత వాడిని అడిగారు: "ఎవరి దగ్గరుంటావురా?" ఏడేళ్లవాడు వాళ్ల నాన్న చేతికేసి చూసి "నాన్న దగ్గర" అన్నాడు. అదే రాసేసుకున్నారు. ఆయన జీతమెంతో, నాకు టైలరింగ్‌లో ఎంతొస్తుందో కూడా రాసుకున్నారు. వాడికి రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని మాత్రం అడగలేదు. పైగా "ఐదేళ్లు దాటాయిగా, ఇక తల్లికే అని రూలేం లేదు" అన్నారు. తండ్రికే అని మాత్రం ఉందా? 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ముందు చూడాల్సింది బిడ్డ క్షేమమేనని మా లాయరు గారు తర్వాత చెప్పారు.

ఆయన లీగల్ ఎయిడ్ లాయరు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితమట, నాకు తెలిసేసరికి నా గాజులు తాకట్టులో ఉన్నాయి. 2005 గృహహింస చట్టం సెక్షన్ 21 కింద తాత్కాలిక కస్టడీ అడిగారు. తండ్రి కలవడం వల్ల బిడ్డకి హాని అనిపిస్తే కోర్టు ఆపొచ్చని కూడా అందులోనే ఉంది. అదే చట్టంలో సెక్షన్ 26 ఉంది కాబట్టి ఇవన్నీ ఫ్యామిలీ కోర్టులోనే అడగగలిగాం.

రెండో మేడమ్ వాడిని ఒక్కడినే, వేరే రోజున పిలిచారు. రంగు పెన్సిళ్లిచ్చి ఇల్లు గీయమన్నారట. అరుపులు వినిపిస్తే నువ్వెక్కడుంటావని అడిగితే "బియ్యం డ్రమ్ము వెనకాల" అన్నాడట. నాకే తెలియదు ఆ సంగతి.

ఇప్పుడు వాడు నా దగ్గరే. నెలకి రెండుసార్లు కోర్టు గదిలో, స్టాఫ్ ఎదుట, గంటసేపు వాళ్ల నాన్న చూసి వెళ్తాడు. గది శుభ్రంగానే ఉంటుంది. కానీ ఇద్దరం ఆగాల్సింది ఒకే వరండాలో, ఆ పావుగంట టెన్షన్‌కి నాకు చేతులు చల్లబడిపోతాయి.

వెళ్లేవాళ్లు డీఐఆర్ జిరాక్సులు రెండు పెట్టుకోండి. పిల్లల్ని విడిగా మాట్లాడించమని ముందే రాసివ్వండి. టిఫిన్ కూడా కట్టుకెళ్లండి, పదిన్నరకి రమ్మని మూడింటికి పిలుస్తారు. ఆ గదిలో క్యారమ్ బోర్డుంది, స్ట్రైకర్ లేదు. పోయినసారి మావాడే ఇంటినుంచి పచ్చడి సీసా మూత జేబులో వేసుకొచ్చాడు.