పాదరసం నేల: కప్పేద్దామా, తవ్వి పంపేద్దామా?

ఒడిశాలోని గంజాంలో, రుషికుల్య నది మొగ (నది కడలిలో కలిసే చోటు) పక్కనే, దశాబ్దాల పాటు పాదరసం సెల్స్‌తో, అంటే ఉప్పునీటిని పాదరసం, కరెంటుతో విడగొట్టే తొట్లతో, కాస్టిక్ సోడా తయారైంది. మొగ బురదలోకి పాదరసం చేరిందని పరిశోధకులు ఏనాడో రాశారు. ఇలాంటి చోట్ల కోసం కేంద్రం 2025 జులైలో కలుషిత స్థలాల నియమాలు తెచ్చింది. శుభ్రం చేయడానికి దారులు ముఖ్యంగా రెండు. ఉన్నచోటే కప్పెట్టడం ఒకటి, తవ్వి తరలించడం రెండోది.

కప్పడం చవక. జిగటమన్ను, ప్లాస్టిక్ పొర, పైన మట్టి, గడ్డి, చుట్టూ వాననీటి కాలువ వేస్తే పని అయిపోయినట్టే. విషపు మట్టి లారీలు బరంపురం వీధుల్లో తిరగవు. నీటిమట్టం లోతుగా ఉండే ఎత్తు నేలల్లో నా ఓటు దీనికే. దామన్‌జోడి, కాశీపూర్ వైపు అల్యూమినా ఫ్యాక్టరీల వ్యర్థం నిలవేసే ఎర్రబురద చెరువుల్నే తీసుకోండి. అంత బురద తవ్వి ఎక్కడికి మోస్తారు? అక్కడ కట్ట గట్టిగా ఉండాలి, వాననీటికి దారి ఉండాలి. అంతకు మించి చేయగలిగింది తక్కువ.

మొగ దగ్గర మాత్రం నేలే నిలకడగా ఉండదు. ఆ పక్కనే ఉన్న పొడంపేటను కడలి కోసేస్తే మన తెలుగు జాలరులు ఊరినే మార్చుకోవాల్సి వచ్చింది. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర. ఉప్పెన పైనుంచి పొరను చీలుస్తుంది. సముద్రమట్టం పెరిగేకొద్దీ భూగర్భజలం అడుగునుంచి ఎగదన్నుతుంది. పాత వానల లెక్కతో కట్టిన కాలువ కొత్త వానలకు చాలదు.

ఇది ఊహ కాదు. అమెరికాలో, టెక్సస్‌లోని శాన్ జసింటో నదిలో డయాక్సిన్ అనే విష రసాయనం ఉన్న గుంతల మీద 2011లో రాళ్లతో కప్పు వేశారు. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను వరదకు అది దెబ్బతింది, విషం బయటపడింది. తవ్వి తీసేయాలని ఆ అక్టోబరులోనే అక్కడి పర్యావరణ సంస్థ ఖాయం చేసింది. ఒకే స్థలానికి రెండు ఖర్చులు. కప్పడం చవకన్నది పని ముగించి అప్పగించే రోజు వరకే లెక్కేసిన మాట.

అలాగని అంతా తవ్వమనను. ఒడ్డు మీద, ఆ సెల్స్ ఉండిన పాత సెల్ రూం అడుగున చిక్కగా ఉన్న మట్టిని తీసేయాలి. నదిలో బురద జోలికి పోవద్దు. కెలికితే పాదరసం మళ్లీ నీళ్లలో లేస్తుంది. గాలాడని వెచ్చటి బురదలో బ్యాక్టీరియా దాన్ని మిథైల్ పాదరసంగా, అంటే ఒంట్లో పేరుకునే ఇంకా ఘాటైన విషంగా, మార్చి చేపల్లోకి ఎక్కిస్తుంది. ఎండలు ముదిరితే ఆ పని ఇంకా జోరందుకుంటుంది. పాదరసం చేరిన చేపలు తిని జనం జబ్బుపడ్డ జపాన్ ఊరు మినమాటాలో 1977 నుంచి 1990 దాకా బురద తోడి, తీరాన్ని పూడ్చి 58 హెక్టార్ల కొత్త నేల చేశారు. తోడినదాన్ని కూడా చివరికి ఒడ్డునే, ఉక్కు గోడల వెనక కప్పెట్టారు. ఆ గోడలు ఎన్నాళ్లు ఆగుతాయన్నది ఇప్పుడు అక్కడి వాళ్ల బెంగ.

నియమాల్లో నాకు గుచ్చుకునేది గడువు. ప్రాథమిక పరిశీలనకు 90 రోజులు. ఆ 90 రోజులు ఏ కార్తెల్లో పడ్డాయన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. మేలో తోడిన బావినీళ్లు, ఆగస్టులో తోడినవి ఒకే లెక్క చెప్పవు. రెండు కాలాల్లోనూ నమూనా తీయాల్సిందే.

ఇక తవ్విన మట్టి ఎక్కడికి? ఒడిశాలో ప్రమాదకర వ్యర్థాల కేంద్రం జాజ్‌పూర్ జిల్లా కంచిచువాన్‌లో ఉంది. దక్షిణాన చూస్తే విశాఖ పక్క పరవాడ. పరవాడకైతే రెండు రాష్ట్రాల కాలుష్య బోర్డులూ అభ్యంతరం లేదని రాసివ్వాలి. తవ్వకానికి వీలైన రోజులు డిసెంబరు నుంచి మే దాకానే. దీపావళి నాటికి ఆ కాగితాలు చేతికి రాకపోతే ఆ ఏడాది పార వేయకపోవడమే నయం. సగం తవ్విన గొయ్యి మీద తుఫాను వాన పడితే, కప్పకుండా వదిలేసిన దానికంటే ఎక్కువ పాదరసం నదిలోకి పోతుంది.