టెన్త్‌లో 5:05 మేలా, ట్వెల్త్‌లో 5:05 మేలా?

అమెరికాలో పిల్లల్ని క్రాస్‌కంట్రీలో (మైదానాల్లో, గుట్టల మీద దూరపు పరుగు) పరిగెత్తిస్తున్న మనవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటే: "మా అమ్మాయి 1600 మీటర్లు ఇంతలో, 5:05 (5 నిమిషాల 5 సెకన్లు) అనుకోండి, చేసింది, కాలేజీ వాళ్లు తీసుకుంటారా?" టైమ్ చెప్తారు గానీ, అది ఏ గ్రేడ్‌లో వచ్చిందో, వారానికి ఎన్ని మైళ్లు పరిగెత్తితే వచ్చిందో చెప్పరు.

టెన్త్‌లోనే మంచి టైమ్ వస్తే లాభం లేకపోలేదు. ఆ ఏడాది ముగిశాక జూన్ 15 నుంచి డివిజన్ 1 (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) కోచ్‌లు నేరుగా ఫోన్ చేయొచ్చు, మంచి టైమ్ ఉన్న పిల్లలకే ముందు చేస్తారు. ట్వెల్త్ ఏప్రిల్‌లో మెరిసే అమ్మాయికి చాలా టీముల్లో చోటే మిగలదు. అందుకే లెవెన్త్ ట్రాక్ సీజన్‌కైనా టైమ్ తగ్గడం మొదలవ్వాలి.

అయినా నా ఓటు మెల్లగా ఎదిగే అమ్మాయికే. వారానికి 50 మైళ్లతో 5:05 చేసిన పదిహేనేళ్ల పిల్లకి కాలేజీలో పెంచడానికి ఇంకేం మిగిలింది? 25 మైళ్లతో చేసిన పిల్లకి చాలా మిగిలింది. పైగా ఆ వయసులో ఒళ్లు మారుతుంది, ఏడాదో రెండేళ్లో టైమ్ మెరుగుపడకుండా ఆగిపోవడం మామూలే. దానికి భయపడి తిండి తగ్గిస్తే నెలసరి ఆగిపోవచ్చు, ఎముకల్లో స్ట్రెస్ ఫ్రాక్చర్లు (సన్నని పగుళ్లు) రావచ్చు. మా అమ్మాయికి టెన్త్‌లో టైమ్ ఆగిపోతే తెలిసినవాళ్లు ప్రైవేట్ కోచ్‌ని పెట్టమన్నారు. మేం రక్తపరీక్ష చేయించాం. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) అడుగంటింది! శాకాహారం తినే ఇళ్లవాళ్లు ముందు ఇది చూసుకోండి.

ఫుట్ లాకర్ జాతీయ హైస్కూల్ క్రాస్‌కంట్రీ పోటీ 1979లో మొదలైంది. అది గెలిచిన అమ్మాయిల్లో ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల జాతీయ సంఘం) క్రాస్‌కంట్రీ టైటిల్ కూడా కొట్టినవాళ్లు 2015లో మోలీ సైడెల్ వచ్చేదాకా ఒక్కరూ లేరు. అలాగని త్వరగా వెలిగినవాళ్లంతా ఆరిపోతారనీ కాదు. కేట్లిన్ టూహీ హైస్కూల్లో నైకీ క్రాస్ నేషనల్స్ అనే ఇంకో జాతీయ పోటీ మూడేళ్లు వరుసగా గెలిచి, 2022లో ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీ తరఫున ఎన్‌సీఏఏ టైటిల్ కూడా గెలిచింది. అటువైపు కోర్ట్నీ ఫ్రెరిక్స్ హైస్కూల్లో జిమ్నాస్టిక్స్, సాకర్ కూడా ఆడుతూ పెరిగిన పిల్ల. టోక్యో ఒలింపిక్స్ స్టీపుల్‌చేజ్‌లో (అడ్డంకులు దూకుతూ పరిగెత్తే పోటీ) రజతం ఆమెదే.

డివిజన్ 3లోనూ ఐవీ లీగ్‌లోనూ (హార్వర్డ్, యేల్ లాంటి కాలేజీలు) ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, చదువు కోసం వెళ్లాలి. డివిజన్ 2లో, ఎన్‌ఏఐఏలో (ఎక్కువగా చిన్న కాలేజీలుండే వేరే సంఘం) ఉంటుంది, అదీ చూడండి.

మొన్న మా అమ్మాయికి ఒక కోచ్ ఫోన్ చేసినప్పుడు స్పీకర్ పెట్టి విన్నాను. మొదటి ప్రశ్న, "వారానికి ఎన్ని మైళ్లు?" "28," అంది అమ్మాయి. రెండోది, "కిందటేడు గాయంతో ఎన్ని వారాలు పోయాయి?" "ఏమీ లేదు." అవతల కీబోర్డు చప్పుడు. 1600 టైమ్ అడిగింది ఆ తర్వాతే.