లైబ్రరీ సెస్సు కడుతున్నాం, లైబ్రరీ ఎలా ఉంది?

రేటింగ్: 5కి 3

మా వార్డు శాఖా గ్రంథాలయానికి రోజూ వెళ్తాను. మా అమ్మాయి గ్రూప్-2కి చదివేదీ అక్కడే. ఇంటి పన్ను కట్టే ప్రతివాళ్లూ ఈ లైబ్రరీకి డబ్బు ఇస్తున్నారని చాలామందికి తెలియదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మన దగ్గర ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు పడుతుంది. మూడు వేల పన్నుకి 240 రూపాయలన్నమాట. మున్సిపాలిటీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. రెగ్యులర్ సిబ్బంది జీతాలకు ప్రభుత్వ గ్రాంటు ఉంటుంది. పుస్తకాలు, పేపర్లు, అద్దె, కరెంటు బిల్లు మాత్రం ఎక్కువగా ఈ సెస్సు మీదే నడవాలి.

మంచి ముందు చెప్తాను. పొద్దున్న ఎనిమిదికల్లా తలుపులు తీస్తారు. తెలుగు పేపర్లన్నీ బల్ల మీద ఉంటాయి. లైబ్రేరియన్ గారు పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తారు, ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో చూడకుండానే చెప్తారు. కోచింగ్‌కి డబ్బు పెట్టలేని పిల్లలు ఇక్కడే కూర్చుని డీఎస్సీకి, కానిస్టేబుల్ ఉద్యోగాలకి చదువుతున్నారు. కుర్చీ దొరక్క మెట్ల మీద కూర్చునేవాళ్లూ ఉన్నారు. ఇంటి దగ్గర చోటు లేని ఆడపిల్లలకి ఇంత భద్రమైన చోటు మా పేటలో ఇంకోటి లేదు.

ఇక లోటు సంగతి. పోటీ పరీక్షల పుస్తకాలు పాత సిలబస్‌వే. కొత్తవి పిల్లలే కొనుక్కుని ఒకరి దగ్గర ఒకరు తీసుకుంటున్నారు. హాలంతటికీ తిరిగే ఫ్యాన్లు రెండే. బాత్రూమ్‌కి తాళం, నీళ్లు రావట. గంటల తరబడి కూర్చుని చదివే ఆడపిల్లలకి ఇదెంత కష్టమో వేరే చెప్పాలా? అడిగితే మున్సిపాలిటీ నుంచి సెస్సు బకాయి రావాలన్నారు. మేం మాత్రం గడువు దాటకుండా కట్టాం, రసీదు కూడా ఉంది.

ఈ డబ్బు మున్సిపాలిటీ మిగతా ఖర్చులకి వాడుకోవడానికి కాదు. ఆన్‌లైన్‌లో పన్ను కట్టిన రోజే సెస్సు వాటా విడిపోయి గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడాలి. ఏ వార్డు నుంచి ఎంత వచ్చింది, ఏ లైబ్రరీకి ఎంత వెళ్లింది అనేది నోటీసు బోర్డు మీద పెట్టాలి. వార్డు కౌన్సిలర్‌కి ఇదే రాసిచ్చాం, ఇంకా జవాబు రాలేదు.

కొత్తగా వెళ్లేవాళ్లకి: మెంబర్‌షిప్‌కి ఆధార్ జిరాక్స్, కొద్దిపాటి డిపాజిట్ చాలు. మధ్యాహ్నం మూసేసి మళ్లీ నాలుగింటికి తెరుస్తారు. శుక్రవారం సెలవు.