ఒకే గ్యాస్ బండతో మూడు లోహాలు అతుకుతాయా? మూడు గ్యాసులు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, నేను వెల్డర్‌ని కాదు. విజయవాడలో ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆదివారాలు ఏదో ఒకటి అతుక్కునే రకం. సింగిల్ ఫేజ్ మీద నడిచే 200 ఆంప్స్ ఇన్వర్టర్ మిగ్ మిషను (గన్నులోంచి వైరు దానంతటదే వస్తూ కరిగి అతుకుతుంది, ఆ అతుక్కి గాలి తగలకుండా చుట్టూ గ్యాసు వదులుతుంది), 0.8 ఎంఎం వైరు, ఒక గ్రైండరు, ఇంతే నా సరంజామా. రెండేళ్లలో సీఓటూ (కార్బన్ డయాక్సైడ్), ఆర్గాన్ మిక్స్, ప్యూర్ ఆర్గాన్ మూడూ వాడాను. మధ్యలో గ్యాస్ అక్కర్లేని వైరు కూడా ఒక చుట్ట కాల్చాను.

ఇదంతా మొదలైంది గ్యాస్ కొట్టు ఆయన మాటతో. "సార్, ఈ మిక్స్ బండ ఒక్కటి పెట్టుకోండి, ఇనుమైనా స్టీలైనా అల్యూమినియమైనా లాగించేస్తుంది" అన్నాడు. మిక్స్ అంటే 80 పాళ్లు ఆర్గాన్, 20 పాళ్లు సీఓటూ. నేను నమ్మేశాను. ఆయన చెప్పినదాంట్లో మూడో వంతు నిజం, అది ఇనుము విషయంలో.

ఇనుము సంగతి చూద్దాం, ఎలాగూ మన పనిలో ఎక్కువ భాగం అదే. మొదట నా దగ్గర ఉన్నది ఉత్త సీఓటూ. గేటు రిపేరు చేశా, 5 ఎంఎం యాంగ్లర్లతో నీళ్ల ట్యాంకు స్టాండు చేశా, అతుకు లోపలికంటా దిగింది, వంక పెట్టడానికేం లేదు. కానీ పూలకుండీల స్టాండుకి పల్చటి 18 గేజి చదరపు పైపు తీసుకున్నప్పుడు తెలిసింది దాని అసలు గుణం. తడి చేత్తో నూనెలో ఆవాలు వేసినట్టు ఒకటే చిటపట, పైపు నిండా గుండుసూది తలకాయలంత ఇనుప చుక్కలు అతుక్కుపోయాయి, నాలుగు చోట్ల పైపుకి బొక్కలు పడ్డాయి, వెల్డింగ్‌కి పట్టిన టైం కన్నా ఆ చుక్కలు గోకడానికి పట్టిన టైమే ఎక్కువ. అదే పైపు మీద మిక్స్ పెడితే శబ్దమే మారిపోయింది, సన్న సెగ మీద గారెలు వేగుతున్నట్టు. చుక్కలు చాలా తగ్గాయి, అతుకు చదునుగా వచ్చింది. ఒక్కటి గుర్తుంచుకోండి, సీఓటూ నుంచి మిక్స్‌కి మారినప్పుడు మిషను సెట్టింగు అలాగే వదిలేయకూడదు, అదే వైరు స్పీడుకి వోల్టేజి ఒకటి రెండు వోల్టులు తగ్గించాలి. నేను తగ్గించకుండా మొదటి గంట పాడుచేసుకున్నాను.

అయినా సీఓటూని చులకనగా చూడకండి. ఆర్గాన్ బండలో ఉండేది నొక్కిపెట్టిన గ్యాసు, సీఓటూ బండలో ఉండేది ద్రవం. అందుకే అదే 10 లీటర్ల సైజులో ఆర్గాన్ గానీ మిక్స్ గానీ 150 బార్ ఒత్తిడి దగ్గర నింపితే సుమారు 1500 లీటర్ల గ్యాసు వస్తుంది, అంటే నిమిషానికి 10 లీటర్ల లెక్కన రెండున్నర గంటల వెల్డింగ్. 6 కిలోల సీఓటూ నింపిస్తే మూడు వేల లీటర్ల పైన, అయిదు గంటలు దాటి వస్తుంది. పైగా రీఫిల్ చవక. మందపాటి ఇనుము మాత్రమే అతికేవాళ్లకి, రంగు వేసేముందు గ్రైండరు పట్టడానికి బద్ధకం లేనివాళ్లకి సీఓటూ చాలు. నేనైతే అయిదుకి నాలుగు ఇస్తాను.

ఆ ఒక్క మార్కు తగ్గించింది బండ ఒత్తిడి చూపే మీటరు వల్ల. ద్రవం ఉన్నంతసేపు ముల్లు కదలదు, చలికాలంలో 55, 60 బార్ దగ్గరే బొమ్మలా నిలబడి ఉంటుంది, ద్రవం అయిపోయాక ఒక్కసారిగా పడిపోతుంది. ఇక 31 డిగ్రీలు దాటితే ఆ బండలో ద్రవమనేదే మిగలదు, అంతా ఒత్తిడి మీదున్న గ్యాసే, మన మే నెలలో రేకుల కింద ముల్లు ఇంకా పైకెక్కి కూర్చుంటుంది. దాన్ని చూసి బండ నిండుగా ఉందనుకుంటే మోసపోయినట్టే. నేను మోసపోయాను కూడా. ఒకసారి 6 కిలోలకి డబ్బు కట్టి తెచ్చుకున్న రీఫిల్ రెండు ఆదివారాలకే చేతులెత్తేసింది. మరుసటిసారి బండ తెచ్చుకుంటూ దార్లో పాత ఇనుము కొట్టు దగ్గర ఆపి కాటా మీద పెట్టించాను. బండ మెడ మీద ఖాళీ బరువు గుద్ది ఉంటుంది, అది తీసేస్తే మిగిలింది 4 కిలోల 300 గ్రాములు. కాటా ఆయన నవ్వాడు, నాకు మాత్రం ఒళ్లు మండింది. వెనక్కి తీసుకెళ్తే "వాల్వు లీకేమో సార్" అన్నారు, సబ్బు నీళ్లు పోసి చూపిస్తే ఒక్క బుడగ రాలేదు, అప్పుడు నోరు మూసుకుని నింపి ఇచ్చారు. కొట్టు పేరెందుకులెండి. ఎక్కడ కొన్నా తూకం వేయించుకోండి, మెడ మీదే ఉండే హైడ్రో టెస్ట్ (బండ ఒత్తిడి తట్టుకుంటుందో లేదో నీళ్లతో చేసే పరీక్ష) తేదీ కూడా చూడండి.

ఇక స్టీలు. మన భాషలో స్టీలంటే స్టెయిన్‌లెస్సే కదా, ఇనుమంటే ఇనుము, ఈ తేడా తెలియక ఆన్‌లైన్ వీడియోలు చూసి తికమక పడేవాళ్లు చాలామంది. 304 రకం స్టీలు గొట్టం ముక్కలతో మంచినీళ్ల బిందెకి స్టాండు చేశా, వైరు దానికి సరిపడే 308ఎల్ రకం, గ్యాసు మాత్రం కొట్టు ఆయన చెప్పిన ఆ 80-20 మిక్సే. అతుకు పడింది, ఊడలేదు, కానీ బూడిద రంగు పొక్కు కట్టింది. బ్రష్షుతో రుద్ది మెరిపించి మా ఆవిడకి గొప్పగా చూపించా. నెల తిరగకుండానే, బిందె నుంచి కారిన తడికి, అతుకు వెంబడే కుంకుమ గీత గీసినట్టు తుప్పు. పైపుకి లేదు, అతుక్కి మాత్రమే. ఎందుకంటే ఆ ఎల్ అనేది తక్కువ కార్బన్ ఉన్న వైరుకి గుర్తు, కార్బన్ తగ్గాలని ఎక్కువ డబ్బు పెట్టి ఆ వైరు కొని, మళ్లీ 20 పాళ్ల సీఓటూతో ఆ కార్బన్ని మనమే లోపలికి పంపిస్తున్నాం, పైన క్రోమియం కూడా మాడిపోతుంది. స్టీలుకి 98 పాళ్లు ఆర్గాన్, 2 పాళ్లు సీఓటూ ఉన్న మిక్స్ అడగండి. హీలియం కలిపిన మూడు గ్యాసుల మిక్స్ కూడా ఉంది గానీ ఆ ధరకి బిందె స్టాండు కొనుక్కోవచ్చు.

అల్యూమినియం దగ్గర నా తిక్క పూర్తిగా కుదిరింది. 3 ఎంఎం చెక్కర్డ్ ప్లేటుతో పనిముట్ల పెట్టె చేద్దామనుకున్నా. అదే మిక్స్‌తో ట్రిగ్గర్ నొక్కా. నల్లటి మసి, బొగ్గు పొడి చల్లినట్టు, కింద అతుకు లేదు, ఉన్న కాస్తా పళ్లు పుచ్చినట్టు గుల్ల. ఇలాంటి పల్చటి అల్యూమినియానికి ప్యూర్ ఆర్గాన్ తప్ప ఇంకో మాట లేదు, సీఓటూ చిటికెడున్నా ఒప్పుకోదు. సరే అని ఆర్గాన్ బండ తెచ్చా. అప్పుడు తెలిసింది గ్యాసు మారిస్తే సరిపోదని. అల్యూమినియం వైరు మెత్తన కాబట్టి గన్ను గొట్టంలో టెఫ్లాన్ లైనరు (లోపల వైరు జారే నున్నటి గొట్టం) వేయాలి, వైరుని తోసే రోలర్లు యు ఆకారం గాడివి కావాలి, లేకపోతే వైరు మిషను లోపలే పిచ్చుక గూడులా చుట్టుకుపోతుంది. స్టీలు బ్రష్షు ఇనుము మీద వాడనిది వేరే ఒకటి ఉంచుకోవాలి. ఇవన్నీ సర్దుకున్నాక పెట్టె నాలుగు మూలలూ తెల్లగా బాగానే వచ్చాయి, నిజం చెప్పాలంటే ఆ మూలలు చూసి గంటసేపు మురిసిపోయా. తర్వాత ఆ ఆర్గాన్ బండ ఆరు నెలలు పనిలేకుండా నిలబడింది, దానికి అద్దె కడుతూ కూర్చున్నా.

గ్యాసు మీద నేను వేసిన నిందల్లో సగం అబద్ధమని కూడా రాయాలి. ఒక వేసవిలో అతుకులన్నీ దోశ మీద కన్నాల్లా వస్తుంటే గ్యాసు కల్తీ అనుకుని కొట్టు ఆయనతో గొడవ పెట్టుకోబోయా. ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి ఇంటికొచ్చి చూసి, "ముందు ఆ ఫ్యాను కట్టేయండి సార్" అన్నాడు. అంతే, కన్నాలు పోయాయి. గ్యాసు తెరని ఫ్యాను గాలి ఎగరగొట్టేస్తోందన్న మాట. దానికి విరుగుడుగా గ్యాసు మరీ ఎక్కువగా పెంచేస్తే మేలనుకుంటారు, అది ఇంకా చెడుపు, సుడులు తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది. షెడ్డులో నిమిషానికి 8 నుంచి 12 లీటర్ల మధ్య చాలు. అలాగని తలుపులన్నీ బిగించుకోకండి, ఆర్గాన్, సీఓటూ రెండూ గాలి కన్నా బరువు, కింద పేరుకుని ఊపిరాడనివ్వవు. నేను షట్టరు సగం ఎత్తి, ఫ్యాను నా వీపు వైపు కాకుండా బయటికి తిప్పి పెడతా.

గాలి తగిలే డాబా మీద పనైతే గ్యాస్ లేని ఫ్లక్స్ వైరే (లోపల మందు పొడి నిండిన వైరు) నయం. గన్ను కనెక్షను మైనస్‌కి మార్చాలి, పొగ ఎక్కువ, పైన పెంకు కొట్టాలి, పల్చటి పైపు మీద కష్టం.

కొత్తగా కొనేవాళ్లకి ఇంకొక్కటి: సీఓటూ రెగ్యులేటరు ఆర్గాన్ బండకి పట్టదు, మరలే వేరు. నాకిచ్చిన మిక్స్ బండకి ఆర్గాన్ రెగ్యులేటరే పట్టింది. కాబట్టి మీరు ఎక్కువగా ఏ లోహం అతుకుతారో చూసుకుని మొదటి రెగ్యులేటరు కొనండి, తర్వాత నాలా రెండు కొనక్కర్లేదు.

ఇప్పుడు నా షెడ్డులో గోడకి గొలుసేసి కట్టినవి రెండే, మిక్స్ ఒకటి, సీఓటూ ఒకటి. ఆర్గాన్ బండ వెనక్కిచ్చి డిపాజిట్టు తెచ్చేసుకున్నా. మొన్న పక్కింటి పిన్నిగారు అల్యూమినియం డేగిసాకి చెవి ఊడిందని పట్టుకొస్తే, "ఆటోనగర్‌లో మేస్త్రికిచ్చి చేయిస్తాలెండి" అని బండి మీద పెట్టుకుని వెళ్లా.